హాల్ టికెట్ నంబరు మార్చి చూసిన అమ్మాయి

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర పల్లె. ఆర్టీసీలో కండక్టర్‌ని. మా అమ్మాయి సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతోంది, సీజీపీఏ 8.4. సైబర్ సెక్యూరిటీలో రీసెర్చ్ చేసి యూనివర్సిటీలో పాఠాలు చెబుతానంటోంది. ఆ మధ్య కాలేజీ వెబ్‌సైట్‌లో ఏదో తప్పుందని చెప్పబోతే తిట్టి పంపారట. విశాఖలో ఒక సంస్థవాళ్లు ఆరు నెలల ఎథికల్ హ్యాకింగ్ కోర్సుకు లక్షా నలభై వేలు కడితే ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. ఈ ఆదివారంలోగా చేరితే పదివేలు తగ్గిస్తారట. పీహెచ్‌డీ అంటే పెళ్లి వయసు దాటిపోతుందని ఇంట్లో టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరం అందాక మీ అమ్మాయితో ఫోన్‌లో మాట్లాడాను. మీరు ఒక్క ముక్కలో తేల్చేసిన ఆ కాలేజీ వెబ్‌సైట్ సంగతే అరగంట చెప్పించుకున్నాను.

తన హాల్ టికెట్ డౌన్‌లోడ్ చేసుకుంటుంటే, పైన అడ్రస్ చివర తన నంబరు కనబడిందట. ఆఖరి అంకె 7. దాన్ని 8 చేసి ఎంటర్ కొట్టింది. పక్క బెంచీ స్నేహితురాలి హాల్ టికెట్ తెరుచుకుంది. ఫొటో, తండ్రి పేరు, ఫోన్ నంబరు అన్నీ ఉన్నాయి. వీధి గుమ్మానికి తాళం వేసి లోపలి గదులు బార్లా తెరిచి పెట్టినట్టన్నమాట. లోపలికి వచ్చిన మనిషి ఎవరో సైట్ చూస్తోంది కానీ, అడిగిన కాగితం ఆ మనిషిదేనా అన్నది చూడటం లేదు. ప్రపంచంలో అతి మామూలుగా దొరికే తప్పుల్లో ఇదొకటి.

మిగతా నంబర్లు కూడా చూశావా అని అడిగాను. లేదంది. స్నేహితురాలికి చూపించి, వెంటనే వెళ్లి చెప్పిందట. ఆ తర్వాత తనంతట తనే అన్న మాట ఇది: "సార్, ఈ సైట్ చేసిన కంపెనీయే ఇంకో పది కాలేజీలకీ చేసి ఉంటుంది కదా. అన్నిట్లోనూ ఇదే తప్పుంటే, ఒక్కొక్కటీ చేత్తో చూడకుండా పట్టుకునే దారి ఏదైనా ఉంటుందా?"

ఈ ప్రశ్న వేయడం ఆరు నెలల కోర్సులో నేర్పరు. మీ డ్యూటీ భాషలోనే చెబుతాను. టికెట్ తీసుకోని మనిషిని పట్టుకోవడం ఒక పని. ఏ స్టేజీల మధ్య జనం టికెట్ తీసుకోవడం లేదు, ఎందుకు తీసుకోవడం లేదు, ఏం మారిస్తే తీసుకుంటారు అని తేల్చడం వేరే పని. మొదటిది సైబర్ సెక్యూరిటీ ఉద్యోగం. రెండోది పరిశోధన. మొదటిది తక్కువని కాదు, దానికీ మంచి జీతాలున్నాయి. కానీ మీ అమ్మాయి బుర్ర రెండోదాని వైపు తిరుగుతోంది.

ఇక్కడే ఒక హెచ్చరిక. సదుద్దేశమే అయినా, యజమాని అనుమతి లేకుండా ఇంకొకరి సిస్టమ్‌ను తడిమి చూడకూడదు. ఐటీ చట్టం 2000లో 43, 66 సెక్షన్లున్నాయి. మోసపు ఉద్దేశం ఉందని తేలితే మూడేళ్ల వరకు జైలు, లేదా అయిదు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. కాలేజీవాళ్లు తిట్టి వదిలేశారు, ఇంకొకరైతే పోలీసు కంప్లయింటు ఇచ్చేవారు. లోపం కంటబడితే ఆ సంస్థకు రాతపూర్వకంగా చెప్పాలి, లేదా 2004 నుంచి పనిచేస్తున్న కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలి. సాధన చేయాలనుకుంటే అందుకోసమే తెరిచి పెట్టిన హ్యాకింగ్ పోటీలు ఉన్నాయి. కార్నెగీ మెలన్ యూనివర్సిటీవాళ్ల పికోసీటీఎఫ్ ఉచితం. కేరళలో అమృత యూనివర్సిటీ విద్యార్థుల బృందం నడిపే ఇన్‌సీటీఎఫ్ పోటీ ఉంది.

యూనివర్సిటీల్లో ఈ పని ఎలా సాగుతుందో చూడండి. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అని ప్రాసెసర్లలోని లోపాలు బయటపడ్డాయి. వాటిని కనిపెట్టినవాళ్లలో ఆస్ట్రియాలోని గ్రాజ్ టెక్నికల్ యూనివర్సిటీ పరిశోధకులూ ఉన్నారు. చిప్ కంపెనీలకు ముందే చెప్పి, సరిదిద్దుకోవడానికి నెలల గడువిచ్చి, ఆ తర్వాతే లోకానికి చెప్పారు. మన దగ్గర ఖరగ్‌పూర్ ఐఐటీలో దేబ్‌దీప్ ముఖోపాధ్యాయ్ హార్డ్‌వేర్ సెక్యూరిటీ మీద పనిచేస్తారు, 2021లో శాస్త్రవేత్తలకిచ్చే భట్నాగర్ పురస్కారం అందుకున్నారు. చిప్ ఎంత కరెంటు లాగుతోందో కొలిచి, లోపల దాచిన రహస్య తాళం చెవిని ఊహించవచ్చని మీకు తెలుసా? పిండిమర బయట నిలబడి, శబ్దాన్ని బట్టి లోపల ఆడిస్తున్నది బియ్యమో మిరపకాయలో చెప్పేవాళ్లుంటారు చూడండి, అలాగే. క్రిప్టోగ్రఫీ, అంటే సమాచారాన్ని రహస్యంగా దాచే విద్య మీద ఆయన పాఠాలు ఆన్‌లైన్ పాఠాల సైట్ ఎన్‌పీటెల్‌లో ఉచితంగా ఉన్నాయి. ముందు అవి వినమనండి. పది పాఠాలయ్యాక కూడా లెక్కలంటే విసుగు రాకపోతే, ఆ అమ్మాయి ఈ దారిలో నడవగలదు. విసుగొస్తే ఉద్యోగం దారి మంచిది, అందులో నామోషీ ఏమీ లేదు.

డబ్బు సంగతి. నవ్వు తెప్పించేదేమిటంటే, మీరు లక్షా నలభై వేలు ఎదురు కట్టబోతున్నారు, ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్ బాగా రాస్తే ప్రభుత్వమే మీ అమ్మాయికి ఇస్తుంది. గేట్ మూడో ఏడాది నుంచే రాయవచ్చు. మూడు గంటలు, 65 ప్రశ్నలు, 100 మార్కులు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఆ స్కోరుతో ఐఐటీ, ఎన్‌ఐటీల్లో ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్. పీహెచ్‌డీకి 2023 నుంచి మొదటి రెండేళ్లూ నెలకు 37,000, తర్వాత 42,000. మార్కులు బాగుంటే చాలా ఐఐటీల్లో బీటెక్ తర్వాత నేరుగా పీహెచ్‌డీకి కూడా తీసుకుంటారు. యూజీసీ నెట్ ఇంకో తలుపు. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం ఉంటే పీజీ లేకుండానే పీహెచ్‌డీ కోసం ఆ పరీక్ష రాయనిస్తున్నారు. ఇది 2024లో వచ్చిన మార్పు, మన జిల్లాలో చాలామంది పిల్లలకు ఇంకా తెలియదు.

అందరూ హైదరాబాద్ వైపే చూస్తారు. మనకు భువనేశ్వర్ దగ్గర. పొద్దున విజయనగరంలో రైలెక్కి ఖుర్దా రోడ్‌లో దిగితే ఐఐటీ క్యాంపస్ అక్కడికి దగ్గరే. ఎక్కడైనా సరే, కాలేజీ పేరు కంటే గైడ్ ముఖ్యం. గత మూడేళ్లలో ఆయన విద్యార్థులు ఏం రాశారు, ఎక్కడ అచ్చయింది, ఎంతమంది మధ్యలో మానేశారు? ఈ మూడూ తెలుసుకోకుండా చేరొద్దు. యూజ్‌నిక్స్ (USENIX) సెక్యూరిటీ, ఎన్‌డీఎస్‌ఎస్ లాంటి సదస్సులు, మన దేశంలో 2000 నుంచి జరుగుతున్న ఇండోక్రిప్ట్, ఇలాంటి చోట్ల పేర్లుంటే నమ్మవచ్చు. డబ్బు కడితే వారంలో అచ్చువేసే పత్రికల జాబితా చూపిస్తే నమస్కారం పెట్టి వచ్చేయమనండి.

ఇక పాఠాలు చెప్పడం. ఈ సలహాల పనిలోకి రాకముందు నేనూ ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో ఆరేళ్లు చెప్పాను. మార్చి జీతం జూన్‌లో వచ్చేది. ఒక సెమిస్టర్ మొదలయ్యే ముందు రోజు పిలిచి, క్రిప్టోగ్రఫీ సబ్జెక్టు మీరే చెప్పాలన్నారు. దూరంగా ఉన్న ఇద్దరు అందరూ వింటుండగానే ఒక రహస్య తాళం చెవిని తయారు చేసుకునే పద్ధతి ఒకటుంది; డిఫీ, హెల్‌మన్ ఇద్దరూ 1976లో బయటపెట్టిన దాన్ని రాత్రి చదివి పొద్దున బోర్డు మీద రాశాను. రెండో బెంచీ కుర్రాడు "మధ్యలో ఎవడైనా కూర్చుని ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడితే?" అన్నాడు. ఆ పద్ధతికి ఉన్న అసలు లోపం సరిగ్గా అదే. నాకు జవాబు తెలియదు, రేపు చెబుతానన్నాను. క్లాసంతటికీ విషయం అర్థమైపోయింది. స్వయంగా పరిశోధన చేసినవాళ్లు పాఠం చెబితే ఆ ప్రశ్నకు కళ్లు మెరుస్తాయి. నాకు చెమటలు పట్టాయి.

కాబట్టి ఎంటెక్‌తో ఆగిపోయి కాలేజీలో చేరిపోవడం మంచిది కాదు. సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ నిబంధనల ప్రకారం బీటెక్, ఎంటెక్ రెండూ చేసి, వాటిలో ఒకదాంట్లో ఫస్ట్ క్లాస్ ఉంటే అసిస్టెంట్ ప్రొఫెసర్ కావచ్చు. కానీ పీహెచ్‌డీ లేకపోతే అక్కడే ఉండిపోతారు. ఏడో వేతన స్కేలు ఇచ్చే చోట అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం 57,700 నుంచి మొదలు, పైన డీఏ, హెచ్‌ఆర్‌ఏ. ప్రైవేటులో ఎంతిస్తారన్నది బేరం. విజయనగరంలో 2022లో విడి యూనివర్సిటీ అయిన జేఎన్‌టీయూ గురజాడ ఉంది, ఎచ్చెర్ల వైపు అంబేద్కర్ యూనివర్సిటీ, ట్రిపుల్ ఐటీ ఉన్నాయి. నోటిఫికేషన్లు ఎప్పుడు పడతాయన్నది మన చేతిలో లేదు. అందుకే ఇంటికి దగ్గరే కావాలని ఇప్పటి నుంచే పట్టుబట్టకండి.

పెళ్లి మాట. సంబంధాలు చూడొద్దని నేను చెప్పను, అది మీ ఇంటి విషయం. ఒక్క సంగతి మాత్రం ఆడవాళ్లకు వినిపించండి. యూజీసీ 2022 నిబంధనల్లో పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. ఆడపిల్లలకు దాని మీద ఇంకో రెండేళ్ల వెసులుబాటు ఉంది. ప్రసూతి, పిల్లల సంరక్షణ కోసం 240 రోజుల వరకు సెలవు ఇవ్వవచ్చు. అంటే పెళ్లా, చదువా అని రెంటిలో ఒకటి తేల్చుకోనక్కర్లేదు. పెళ్లివారితో ముందే ఈ మాట అనుకుంటే చాలు.

విశాఖ కోర్సువాళ్లను ఒక్కటి అడగండి: ఉద్యోగం గ్యారంటీ అని స్టాంపు పేపరు మీద రాసిస్తారా, ఇవ్వలేకపోతే డబ్బు వాపసు చేస్తారా? ఇలా అడిగితే "మీరు ఒకసారి ఆఫీసుకు రండి సార్" అంటారు. వెళ్లకండి. ఆదివారం దాటిపోనివ్వండి. ఆ డబ్బులో కొంత పెట్టి అమ్మాయికి మంచి ల్యాప్‌టాప్ కొనండి, పాతదాంట్లో లైనక్స్ పెడితే ఫ్యాను మోత పెడుతోందని చెప్పింది.