విడిచిన బట్ట గోడకెక్కితే

ప్రశ్న: స్త్రీవాద కళాప్రదర్శనల్లో గౌన్లు, చెప్పులు వేలాడదీస్తుంటారు. తగిలించినంత మాత్రాన కళ అయిపోతుందా?

జవాబు: అవదు. ఆ బట్టకు ఏదో ఒకటి జరగాలి. అమెరికన్ కళాకారిణి మిమీ స్మిత్ 1966లో పల్చటి నైలాన్ రాత్రిగౌనుకు లేసుతో పాటు అంట్లు తోమే స్టీలు పీచును అంచుగా కుట్టారు. పడగ్గదీ వంటగదీ ఒకే ఒంటిమీదికి వచ్చాయి, పక్కన వ్యాఖ్య రాయాల్సిన పనిలేదు. కొలంబియా శిల్పి డోరిస్ సాల్సెడో, తమ దేశపు హింసలో మాయమైపోయిన మనుషుల పాదరక్షలను, ముఖ్యంగా ఆడవాళ్లవి, గోడలో తొలిచిన గూళ్లలో పెట్టారు. పైన పశువు మూత్రాశయపు పొర కప్పి సర్జికల్ దారంతో కుట్టేశారు. లోపల చెప్పు ఉందని తెలుస్తుంది, కానీ మసగ్గా. గుండె పట్టేసేది ఆ మసకే.

ఒక్కోసారి తగిలించిన చోటే పని చేస్తుంది. 2015లో కొసావోలోని ప్రిష్టినా స్టేడియంలో కళాకారిణి ఆల్కెటా జాఫా మ్రిపా 5,000 గౌన్లు, లంగాలు దండేల మీద ఆరేశారు. యుద్ధంలో అత్యాచారానికి గురై, నోరు విప్పలేకపోయిన స్త్రీల కోసం. మగవాళ్ల ఆటస్థలంగా పేరుపడిన చోట అన్ని దండేలు!

ప్రశ్న: అమ్మ పాత గౌనుతో శిల్పం చేద్దామనుకుంటున్నాను. ముందు ప్రయోగం చేసి చూద్దామని వేరే గౌన్లను ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ముంచితే రెండుసార్లూ పగిలి రాలిపోయింది. అసలు ముందు మరకలు ఉతికెయ్యాలా?

జవాబు: అప్పుడే ఉతక్కండి. చంక కింది పసుపు, సాగిన మోచెయ్యి, మళ్లీ కుట్టిన గుండీ: మీ అమ్మ ఉన్నది వాటిలోనే. ముందూ వెనకా ఫొటోలు తీసుకోండి. చెమట మరకలకు పురుగులు వస్తాయి కాబట్టి పాలిథీన్ సంచిలో గాలి తీసేసి మూసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పకూడదు. విప్పితే చల్లటి బట్టమీద తేమ పడుతుంది.

రాలడానికి మామూలుగా రెండు కారణాలు. నైలాన్, పాలియెస్టర్ నీళ్లు పీల్చవు, ప్లాస్టర్‌కు పట్టు దొరకదు. నూలుబట్టను తడిపి, పిండి వాడండి. రెండోది, చిక్కబడటం మొదలయ్యాక మడతలు సర్దడం. అప్పుడు కదిపితే లోపల అల్లుకుంటున్న స్ఫటికాలు విరిగిపోతాయి. తూకంలో 10 పాళ్ల ప్లాస్టర్‌కు 7 పాళ్ల నీళ్లు. పొడిని నీళ్లలోకి చల్లాలి, నీళ్లను పొడిలోకి కాదు. కిందికి దిగాక కలిపి, బట్టను ముంచి వెంటనే ఆకారం ఇవ్వండి. లోపలి ఆధారం ముందే సిద్ధంగా ఉండాలి. సిమెంటు మాత్రం పట్టు, ఉన్ని బట్టలకు వద్దు, దాని క్షారగుణం వాటిని తినేస్తుంది. ఒకసారి ముంచితే వెనక్కి రాదు గనుక అమ్మ గౌనును చివరికి ఉంచండి.

ప్రశ్న: ఎలాంటి హ్యాంగర్ మంచిది?

జవాబు: సన్నటి ఇనపతీగ వద్దు. తుప్పు మరక పడుతుంది, భుజాలు పొడుచుకొస్తాయి. హ్యాంగర్‌కు దూది చుట్టి పైన గుడ్డ కుట్టండి. స్వెటర్ లాంటి అల్లిక బట్టలైతే వేలాడదీయకండి, వాటి బరువుకే సాగిపోతాయి. శిల్పి లూయీ బూర్జువా తన పాత బట్టల్ని పశువుల ఎముకలకు తగిలించారు. హ్యాంగర్ కూడా మాట్లాడుతుంది, అందుకే దాన్ని ఆఖర్న వెతుక్కోకూడదు.

ప్రశ్న: తెలిసినవాళ్ల బట్టలు తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోవచ్చు, ముందే చెప్పి. కోస్తారా, ముంచుతారా, తిరిగిస్తారా, పేరు రాస్తారా అన్న నాలుగూ కాగితం మీద పెట్టి ఇద్దరూ చెరొక ప్రతి ఉంచుకోండి.