పాఠకుల ప్రశ్నలు: ప్లాస్టిక్‌పై నిలవని జిగురు

ప్రశ్న: అట్టపెట్టెలకు గట్టిగా పట్టే హాట్ మెల్ట్ జిగురు (వేడితో కరిగించి పూసేది), పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ భాగాలపై మాత్రం చల్లారగానే పొరలా ఊడి వస్తోంది. ఉష్ణోగ్రత పెంచితే సరిపోతుందా?

జవాబు: సరిపోదు; పైగా నష్టం. మీరు వాడుతున్నది బహుశా ఇథిలీన్ వినైల్ ఎసిటేట్ అనే పాలిమర్ (ప్లాస్టిక్ పదార్థం) ఆధారిత రకం కావచ్చు. దానిని సాధారణంగా 150 నుంచి 180 డిగ్రీల సెల్సియస్ మధ్య వాడతారు. అంతకు మించి ఎక్కువసేపు కాగితే పాలిమర్ ఆక్సీకరణం చెంది, నల్లబడి, నాజిల్‌కు అడ్డుపడుతుంది.

అసలు చిక్కు ఉపరితలంలో ఉంది. కరిగిన జిగురు అట్ట పీచుల్లోకి ఇంకి బిగుసుకుంటుంది. పాలీప్రొపిలీన్‌లో అటువంటి సందులు లేకపోగా, దాని ఉపరితల శక్తి (ద్రవాన్ని తనపై పరచుకోనిచ్చే గుణం) తక్కువగా, మీటరుకు 30 మిల్లీన్యూటన్ల ప్రాంతంలోనే ఉండటం వల్ల, ధ్రువ స్వభావం గల (అణువుల్లో విద్యుదావేశం అసమానంగా పంచుకున్న) జిగురు దానిపై సరిగా పరచుకోదు. అందువల్ల అతికించే ముందు ఆ భాగాలకు కరోనా (ఉపరితలంపై విద్యుత్ ఉత్సర్గం) లేదా జ్వాల (మంట తాకించే) ప్రక్రియ జరపాలి, లేదా పాలీప్రొపిలీన్ కుటుంబానికే చెందిన అమార్ఫస్ పాలీఓలెఫిన్ ఆధారిత జిగురుకు మారాలి. నా దృష్టిలో రెండోదే మేలు. కరోనా ప్రభావం నిల్వలో క్రమంగా తగ్గిపోతుంది.

జిగురును మీరే రూపొందించదలిస్తే, పాలిమర్ బలాన్ని, ట్యాకిఫైయర్ (జిగట పెంచే) రెజిన్ పట్టును ఇస్తాయి. మైనం కరిగిన జిగురును పలచన చేసి, త్వరగా గడ్డకట్టిస్తుంది. దాని పాలు మితిమీరితే మాత్రం పట్టు సడలుతుంది.