మీరడిగారు: చందవరంలో ఇటుకలు తప్ప ఏముంది?

ప్రశ్న: మా అత్తయ్యకి 66 ఏళ్ళండీ, టీవీలో చూసినప్పట్నుంచి చందవరం స్తూపం చూపించమని ఒకటే అడుగుతున్నారు. మా ఆయనేమో ఆ కొండ మీద ఇటుకలు తప్ప ఏముంది, ఏదన్నా గుడికి పోదాం పద అంటున్నారు. నిజంగా చూసేంత ఉందా? అక్కడ కొబ్బరికాయ కొట్టొచ్చా? ఎప్పుడు పోతే మంచిది?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: తప్పకుండా తీసుకెళ్ళమ్మా. మీవారు చెప్పింది అబద్ధం కాదు, కనపడేది ఎక్కువగా ఇటుకలే, కానీ అవి సుమారు రెండు వేల ఏళ్ళ నాటి ఇటుకలు, శాతవాహనుల కాలంలో గుండ్లకమ్మ ఒడ్డున కట్టిన మహాచైత్యం, అంటే పెద్ద బౌద్ధ స్తూపం, కాశీ నుంచి కంచికి నడిచిపోయే భిక్షువులు ఇక్కడ ఆగేవాళ్ళని చెప్తారు. 1964లో ఈ చోటుని గుర్తించారు, 1972 నుంచి 77 దాకా తవ్వారు. దొనకొండ రైల్వేస్టేషన్ నుంచి సుమారు 10 కిలోమీటర్లు. కొండ పేరు సింగరకొండ, ఆ పేరు విని అద్దంకి దగ్గర ఆంజనేయస్వామి కొండ అనుకునేరు, అది వేరు ఇది వేరు.

వెళ్ళేముందు ఒక పని చెయ్యండి. అమరావతి స్తూపానికి తాపడం చేసిన పలకల్లో కొన్నిటి మీద స్తూపం బొమ్మే చెక్కి ఉంటది, అంటే స్తూపం మీద స్తూపం బొమ్మ అన్నమాట, పైన గుండ్రటి అండం, చుట్టూ కంచె, ముందు వరసగా ఐదు ఆయక స్తంభాలు, దండలు పట్టుకున్నవాళ్ళు, అన్నీ కనిపిస్తాయి. ఆ ఫొటో ఒకటి ఫోన్లో పెట్టుకుని చందవరంలో ఆ ఇటుకల ముందు నిలబడి అత్తయ్యగారికి చూపించండి, మీవారికి కూడా. ఐదు స్తంభాలు బుద్ధుడి జీవితంలో ఐదు ఘట్టాలకి గుర్తు: పుట్టుక, ఇల్లు వదలడం, జ్ఞానోదయం, మొదటి బోధ, నిర్యాణం. ఇదొక్కటి తెలిస్తే చాలు, చూసే చూపే మారిపోద్ది.

స్తూపం గుడి కాదు, లోపలికి పోయేదానికి తలుపుండదు, గర్భగుడి ఉండదు. చుట్టూ తిరగడమే పూజ. గుళ్ళోలాగే స్తూపం మన కుడిచేతి వైపు ఉండేలా నిదానంగా తిరగండి. కొబ్బరికాయ, కర్పూరం, పసుపు కుంకుమ మాత్రం వద్దమ్మా, పాతరాయి మీద నూనె మరక పడితే పోదు. పిల్లలుంటే ఇటుకల మీదకి ఎక్కనీయొద్దు, ఈ ఒక్క విషయంలో గట్టిగా చెప్పండి.

బుద్ధపౌర్ణమికి పోదామనిపిస్తది కానీ అది వైశాఖంలో, మన ప్రకాశం ఎండల్లో పెద్దావిడని కొండెక్కించడం నాకిష్టం లేదు. కార్తీకం నుంచి మాఘం లోపు, పొద్దున్నే బయల్దేరండి, నీళ్ళు, గొడుగు, ఇంట్లో చేసిన పులిహోర తీసుకెళ్ళండి. ఆవిడకి మోకాళ్ళ నొప్పులుంటే కింద నీడ చూసి కూర్చోబెట్టినా ఫర్వాలేదు.

ప్రశ్న: చందవరం శిల్పం ఒకటి ఆస్ట్రేలియాలో దొరికిందంట, నిజమేనా సార్? మరి మీరు చెప్పే అమరావతి పలకలు ఎక్కడున్నాయి?
– డిగ్రీ విద్యార్థి, కావలి

జవాబు: నిజమే బాబూ. బుద్ధుణ్ణి కొలుస్తున్న భక్తులున్న సున్నపురాయి శిల్పం అది, కాన్‌బెర్రాలోని నేషనల్ గ్యాలరీ 2005లో కొనుక్కుంది, మన దగ్గర్నుంచి పోయిందని తేలాక 2016లో ఇండియాకి తిరిగిచ్చేశారు. ఆ వార్త చదివిన రోజు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. పోయిన రాయి తిరిగి రావడం ఎప్పుడో గానీ జరగదు, అందుకే కొండ మీద చిన్న ముక్క కనపడినా చేత్తో తియ్యొద్దు, అక్కడి సిబ్బందికి చెప్పు.

అమరావతి పలకల్లో చాలావరకు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో, చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో ఉన్నాయి, కొన్ని అమరావతిలోనే ఉన్నాయి. నీకు చెన్నై దగ్గర, పొద్దున రైలెక్కితే చూసుకుని రాత్రికి ఇంటికి రావచ్చు. శుక్రవారం మాత్రం పోవద్దు, ఆ రోజు మ్యూజియానికి సెలవు.