రూన్‌స్కేప్‌లో అడుగు పెడుతున్న చిన్నూకి

చిన్నూ,

మీ అమ్మ కబుర్లన్నీ అయ్యాక గొంతు తగ్గించి, "వీడేదో పాత ఆన్‌లైన్ ఆటలో చేరతాడటే, ఎవరెవరితోనో కలిసి ఆడాలట, నువ్వోసారి చెప్పవే" అంది. పేరేంటని అడిగితే రూన్‌స్కేప్ అంది. నవ్వొచ్చింది, కాస్త గర్వంగానూ అనిపించింది. మెరిసే కొత్త ఆటలన్నీ వదిలేసి దీన్ని ఎంచుకున్నావంటే నీకు ఓపిక ఉన్నట్టే. భయమూ వేసింది. నీది ఎవరేం చెప్పినా నమ్మేసే మనసు.

ముందు ఏ రూన్‌స్కేప్‌లో చేరుతున్నావో చూసుకో. రెండున్నాయి. 2001లో పుట్టి మారుతూ మారుతూ వచ్చింది ఒకటి. 2007 ఆగస్టు నాటి కాపీని తీసి 2013 ఫిబ్రవరిలో మళ్లీ తెరిచిన ఓల్డ్ స్కూల్ రెండోది. నేను రాసేదంతా ఓల్డ్ స్కూల్ గురించే. ఫోన్‌లోనూ ఆడొచ్చు, కానీ మొదటి వారం కంప్యూటర్ మీదే ఆడు. చిన్న తెర మీద వేలు పక్కకి పడి గోబ్లిన్‌ని కొట్టబోయి తలుపు తీస్తావు.

ట్యుటోరియల్ ఐలాండ్‌లో వాళ్లు చెప్పినట్టు చెయ్యి, అంతే. ఒక్క జాగ్రత్త: అక్కడ ఐరన్‌మ్యాన్ అని ఒకటి అడుగుతారు. అది ఎంచుకుంటే ఎవరితోనూ ఇచ్చిపుచ్చుకోవడం ఉండదు, అన్నీ నువ్వే సంపాదించుకోవాలి. వీడియోల్లో చూసి ఉత్సాహపడి మొదటి ఐడీకే పెట్టుకోకు. వరల్డ్ (అంటే ఆట నడిచే సర్వర్) ఎంచుకునేటప్పుడు యూకే, జర్మనీవి చూడు. పింగ్, అంటే నెట్ ఆలస్యం, కొంచెం ఎక్కువ కనబడినా కంగారు పడకు. ఈ ఆట 0.6 సెకనుకి ఒక అడుగు చొప్పున నడుస్తుంది. దాన్ని టిక్ అంటారు. మన నెట్‌కి అది సరిపోతుంది.

దిగేది లంబ్రిడ్జ్ కోటలో. బ్యాంకు కోట పై అంతస్తులో ఉంది. కింద వంటగదిలో వంటవాడికి గుడ్డు, పాలు, పిండి కావాలి. అదే నీ మొదటి క్వెస్ట్, అంటే ఆట అప్పజెప్పే పని. అందరూ తడబడేది పిండి దగ్గరే: గోధుమలు మర పైఅంతస్తు హాపర్‌లో పోసి, అక్కడే మీట తిప్పి, కిందికొచ్చి ఖాళీ కుండలో నింపుకోవాలి. మీట మర్చిపోయి కిందికొచ్చి ఖాళీ డబ్బా చూసి తిట్టుకునేవాళ్లే ఎక్కువ. తర్వాత ఫ్రెడ్ గొర్రెలు. 20 ఉన్ని ఉండలు వడికి ఇవ్వాలి. ఆ మందలో ఒకటి అసలు గొర్రే కాదు. దాని ఉన్ని తియ్యాలని చూసి విసుక్కోకు.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి. కొత్తవాళ్లు ఆవుల దొడ్లో చేరి గంటలకొద్దీ ఆవుల్ని కొడుతూ కూర్చుంటారు. ఆ కష్టం అక్కర్లేదు. తొలి లెవెళ్లన్నీ క్వెస్ట్‌లే ఇచ్చేస్తాయి. డోరిక్ క్వెస్ట్ తీసుకో. 6 బంకమట్టి, 4 రాగి ఖనిజం, 2 ఇనుప ఖనిజం ఇస్తే 1,300 మైనింగ్ ఎక్స్‌పీ (లెవెల్ పెంచే అనుభవం పాయింట్లు) వస్తుంది, 1 నుంచి నేరుగా 10వ లెవెల్. ఇనుము తవ్వడానికి 15 కావాలి కాబట్టి ఆ రెండూ కొనుక్కో. ఆ 10తో నైట్స్ స్వోర్డ్ అనే క్వెస్ట్ మొదలుపెట్టొచ్చు. అది 12,725 స్మిథింగ్ ఎక్స్‌పీ ఇస్తుంది, 1 నుంచి 29. దానికి 2 ఇనుప కడ్డీలు, ఒక రెడ్‌బెర్రీ పై కూడా ముందే కొనిపెట్టుకో. చిక్కంతా బ్లూరైట్ ఖనిజం దగ్గర. అది మంచు గుహలో ఉంటుంది, అక్కడ ఐస్ జెయింట్‌లు కనబడగానే మీద పడతాయి. సంచిలో 28 గళ్లే. పికాక్స్‌కి ఒకటి వదిలి మిగతావి తినడానికి ట్రౌట్, సాల్మన్ చేపలతో నింపు. పరిగెత్తి వెళ్లి, తవ్వి, పరిగెత్తి వచ్చెయ్. పోరాడాలని నిలబడకు.

దెబ్బలాటకి వ్యాంపైర్ స్లేయర్ క్వెస్ట్. 4,825 అటాక్ ఎక్స్‌పీ, అంటే 20వ లెవెల్ దాకా. కొయ్యమేకుతో పాటు సుత్తి కూడా సంచిలో ఉండాలి. సుత్తి లేకపోతే వాణ్ని చివరిదాకా కొట్టి కూడా చంపలేవు. వెల్లుల్లి పట్టుకెళ్తే వాడు బలహీనపడతాడు.

ఆయుధం అంటావా, సిమిటార్ అనే వంపు కత్తి చాలు. ఉక్కుది అటాక్ లెవెల్ 5కి, మిథ్రిల్ 20కి, అడమంట్ 30కి, రూన్ 40కి. పెద్ద కత్తి చూసి మోజుపడకు, అది నెమ్మదిగా తిరుగుతుంది. రూన్ ప్లేట్‌బాడీ (ఛాతీ కవచం) వేసుకోవాలంటే డ్రాగన్ స్లేయర్ క్వెస్ట్ పూర్తవ్వాలి, దానికి 32 క్వెస్ట్ పాయింట్లు కావాలి. కాబట్టి డబ్బు ఉంది కదా అని ముందే కొని బ్యాంకులో పెట్టుకోకు. చేతి ఖర్చుకి బార్బేరియన్ విలేజ్‌లో స్ట్రాంగ్‌హోల్డ్ ఆఫ్ సెక్యూరిటీ ఉంది. నాలుగు అంతస్తులు దిగి తలుపుల ప్రశ్నలకి జవాబు చెబితే మొత్తం 10,000 కాయిన్‌లు, ఒక జత బూట్లు. ఆ ప్రశ్నలు గబగబా నొక్కేసి పోకు, చదువు. నేను కింద చెప్పబోయేదే అవి కూడా చెబుతాయి.

ఇక అసలు సంగతి. ఈ ఆట పుట్టినప్పటినుంచీ జనం చేస్తూ వచ్చిన తప్పు ఒకటుంది. దానికి నువ్వు కూడా దొరికిపోతావేమోనని నా భయం.

ఎడ్జ్‌విల్, వారక్ పట్నాలకి ఉత్తరాన ఒక చిన్న కాలువ ఉంటుంది. దాటితే వైల్డర్‌నెస్. అక్కడ మనుషులు మనుషుల్ని చంపొచ్చు. 5వ లెవెల్ వైల్డర్‌నెస్‌లో ఉంటే నీ పోరాట లెవెల్‌కి అయిదు అటూ ఇటూ ఉన్నవాళ్లు కొట్టగలరు, 20లో ఉంటే ఇరవై అటూ ఇటూ. 20 దాటాక మామూలు టెలిపోర్ట్‌లు (ఒక్కసారిగా వేరే చోటికి చేర్చే మంత్రాలు) పనిచెయ్యవు. చస్తే విలువైన మూడు వస్తువులు నీకు మిగులుతాయి, మిగతావి చంపినవాడివి. తలమీద పుర్రె గుర్తు పడితే ఆ మూడూ పోతాయి. నీ మీద చెయ్యెత్తనివాణ్ని నువ్వు ముందు కొడితే ఆ పుర్రె పడుతుంది. ప్రొటెక్ట్ ఐటమ్ ప్రార్థన ఒకదాన్ని కాపాడుతుంది. దానికి ప్రేయర్ లెవెల్ 25 ఉండాలి, ప్రేయర్ పాయింట్లు అయిపోతే అదీ ఆగిపోతుంది.

ఇదంతా తెలిసినవాళ్లే పోగొట్టుకుంటారు, ఎందుకంటే వాళ్లని అటు తీసుకెళ్లేవాడు శత్రువులా రాడు. ఆటలోని సంత గ్రాండ్ ఎక్స్‌ఛేంజ్ దగ్గర పలకరిస్తాడు. కొత్తవాడివా, పాపం అని ఓ కవచం ఇస్తాడు. రెండు రోజులు క్వెస్ట్‌లో సాయం చేస్తాడు. ఏమీ అడగడు. మూడో రోజు ఒక కథ చెబుతాడు: "ఒకడు నన్ను వైల్డర్‌నెస్‌కి రమ్మని ఊరిస్తున్నాడు, దొంగవెధవ. మనిద్దరం కలిసి వాణ్నే పట్టుకుందాం. నువ్వు మంచి సామాను వేసుకునిరా, వాడికి ఆశ పుట్టాలి. కావాలంటే నా డబ్బు కొంత నీ దగ్గరే ఉంచుకో, నమ్మకానికి." నిజంగానే ఇస్తాడు కూడా! ఆ ఇచ్చింది చూసి నీ అనుమానం పోతుంది. దొంగని పట్టబోతున్నామన్న హుషారులో నువ్వే దొంగకి దొరికావన్న సంగతి తట్టదు. కాలువ దాటాక ఆ "దొంగవెధవ" వస్తాడు. అతనూ వీడి మనిషే. కదలకుండా కట్టేసే మంత్రం ఒకరు, టెలిపోర్ట్ అవ్వనివ్వని టెలిబ్లాక్ ఇంకొకరు వేస్తారు. నీకిచ్చిన డబ్బుతో సహా అన్నీ వాళ్ల సంచిలోకి పోతాయి. దీన్ని యాంటీ లూర్ అంటారు. ఆశ లేనివాణ్ని కూడా ఇది పడగొడుతుంది, ఎందుకంటే ఇది ఆశ మీద కాదు, మంచితనం మీద పనిచేస్తుంది. అందుకే నీ గురించి నా బెంగ.

ఇంకో సంగతి. వాడు తెలుగులో మాట్లాడితే? "అన్నా, మాదీ గుంటూరే" అంటే? నీ మనసు కరిగిపోతుందని నాకు తెలుసు. తెలుగు వచ్చినంత మాత్రాన మనవాడైపోడు.

చెయ్యాల్సింది ఇదీ. సెట్టింగ్స్‌లో ఆటగాళ్ల మీద అటాక్ ఆప్షన్‌ని హిడెన్ చెయ్యి, పుర్రె పడకుండా ఆపే సెట్టింగ్ కూడా ఆన్ చెయ్యి. కాలువ దాటే ముందు కవచాల ట్యాబ్‌లో "చనిపోతే మిగిలేవి" అనే బొమ్మ నొక్కి చూడు, ఆ లెక్క అక్కడే చూపిస్తుంది. ఎప్పుడు దాటినా, పోతే ఏడవనివి మాత్రమే వెంట ఉండాలి. ఎవరైనా పిలిస్తే అసలు దాటకు. మొహమాటపడకు, "మా పిన్ని ఒప్పుకోదు" అని చెప్పు, పర్లేదు.

మిగతా ప్రాంతాల్లో చస్తే అంత ప్రమాదం లేదు. చచ్చిన చోట సమాధి లేస్తుంది, 15 నిమిషాల్లోపు వెళ్లి నీ సామాను తెచ్చుకోవచ్చు.

ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రెండో తెర ఆగి చదువు. మొదటి తెరలో పెట్టిన వస్తువు తీసేసి, అలాగే కనబడే చవకది పెట్టడం పాత విద్య. ఏదైనా తీసేస్తే ఎర్రటి ఆశ్చర్యార్థకం మెరుస్తుంది, అది చూశావంటే వదిలేసి వెళ్లిపో. "డబ్బు రెట్టింపు చేస్తా" అని 301 వరల్డ్‌లో అరిచేవాళ్లు చిన్న మొత్తం నిజంగానే రెట్టింపు చేసిస్తారు. పెద్ద మొత్తం ఇచ్చాక కనబడరు. ఈ ఆట నడిపే కంపెనీ జాగెక్స్. దాని ఉద్యోగి పేరు పక్కన బంగారు కిరీటం ఉంటుంది, కిరీటం లేకుండా "నేను ఉద్యోగిని" అనేవాడు అబద్ధమాడుతున్నట్టే. నిజం ఉద్యోగి కూడా నీ పాస్‌వర్డ్ అడగడు.

అకౌంట్ సంగతి ఇవాళే చూడు, రేపని అనకు. జాగెక్స్ అకౌంట్‌కి ఆథెంటికేటర్ (లాగిన్‌కి పాస్‌వర్డ్‌తో పాటు కోడ్ కూడా అడిగేది), ఆ అకౌంట్ కట్టిన ఈమెయిల్‌కి కూడా ఆథెంటికేటర్. రెండోది మర్చిపోతే మొదటిది పెట్టి లాభం తక్కువ. బ్యాంకు పిన్ నాలుగంకెలు, పుట్టిన సంవత్సరం పెట్టకు. పిన్ తీసెయ్యడానికి ఎన్ని రోజులు ఆగాలో అడుగుతుంది, 7 పెట్టు. ఎవడైనా లోపలికి వచ్చినా నీకు వారం టైం ఉంటుంది. ఆట ఆడే ప్రోగ్రామ్ రూన్‌లైట్ వాడుకోవచ్చు, దానికి అనుమతి ఉంది. కానీ వెతుకులాటలో పైన కనబడే ప్రకటన నొక్కి దింపుకోకు, నకిలీవి తిరుగుతుంటాయి. "ఆట మానేస్తున్నా, అన్నీ పంచేస్తున్నా" అనే లైవ్ వీడియోల కింద లింకులు నొక్కకు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని మీ అమ్మకి నేర్పింది నువ్వే కదరా.

డబ్బు ఊసు. నిజం రూపాయలతో బయటివాళ్ల దగ్గర ఆటలోని బంగారం కొంటే అకౌంట్ పోతుంది. ఆ వ్యాపారం ముదిరిపోయే 2007 డిసెంబరులో మొదటి రూన్‌స్కేప్‌లో వైల్డర్‌నెస్‌లో మనుషులు మనుషుల్ని చంపడాన్నే ఎత్తేశారు. మళ్లీ తెచ్చింది 2011 ఫిబ్రవరిలో. పాతవాళ్లు ఇప్పటికీ ఆ మూడేళ్ల గురించి తిడుతూనే ఉంటారు. ఆట ఒప్పుకునే దారి కంపెనీయే అమ్మే బాండ్ ఒక్కటే. ఒక బాండ్‌తో 14 రోజుల మెంబర్‌షిప్, అంటే ఉచితం కాని భాగం కూడా తెరుచుకుంటుంది. కానీ ఉచిత క్వెస్ట్‌లు అయ్యేదాకా దాని జోలికి పోకు. మీ నాన్న కార్డు అసలే వద్దు. కొత్త అకౌంట్‌ని మొదట్లో కొన్ని సరుకులు అమ్మనివ్వరు, విడిగా ఇచ్చిపుచ్చుకోవడంలోనూ అడ్డంకులుంటాయి. దొంగ ఐడీలని ఆపడానికి అది, నీ మీద పగతో కాదు. కొన్ని క్వెస్ట్‌లు చేసి కొంత కాలం ఆడితే దానంతట అదే తెరుచుకుంటుంది.

మెంబర్ అయిన రోజు ముందు విచెస్ హౌస్ క్వెస్ట్ చెయ్యి, హిట్‌పాయింట్లు (ప్రాణం లెవెల్) 10 నుంచి 24 అవుతాయి. ఆ తర్వాత వాటర్‌ఫాల్ క్వెస్ట్. అటాక్‌కి, స్ట్రెంత్‌కి చెరో 13,750. రెండూ 1లో ఉన్నా 30కి లేస్తాయి. 6 గాలి, 6 నీరు, 6 మట్టి రూన్‌లు, ఒక తాడు కావాలి. ఆ క్వెస్ట్‌లో వచ్చే గ్లారియల్ సమాధిలోకి ఆయుధం, కవచం రానివ్వరు, తిండి మాత్రం తీసుకెళ్లొచ్చు. లోపల మాస్ జెయింట్‌లుంటాయి, జలపాతం వెనక ఫైర్ జెయింట్‌లు. అక్కడా పరుగే.

దానంతట అదే మౌస్ నొక్కే ఆటోక్లిక్కర్ పెట్టుకుని పడుకుందామనుకుంటావేమో, వద్దు, అకౌంట్ పోతుంది. పై లెవెల్ 99 కోసం నిద్ర మానకు కూడా. 99కి 13,034,431 ఎక్స్‌పీ కావాలి, 92 దగ్గర నువ్వు దాదాపు సగంలో ఉంటావు. ఆరు గంటలు ఆగకుండా ఆడితే ఆటే బయటికి పంపేస్తుంది. అది గరిష్ఠం రా, లక్ష్యం కాదు. చేపలు పట్టేటప్పుడు ఒక చేత్తో అన్నం తినొచ్చు, దానికి నేను అడ్డు చెప్పను. వైల్డర్‌నెస్‌లో ఉన్నప్పుడు మాత్రం అమ్మ భోజనానికి పిలిస్తే ముందు కాలువ ఇవతలికి వచ్చి, లాగౌట్ అయి, అప్పుడు లే.

ఆథెంటికేటర్ బ్యాకప్ కోడ్‌లు ఫోన్‌లో ఫోటో తీసి దాచుకోకు. కాగితం మీద రాసి అమ్మ బీరువాలో పెట్టు. పేరుకి 12 అక్షరాలే ఇస్తారు. అందులో నీ అసలు పేరూ, పుట్టిన సంవత్సరమూ, ఊరూ ఏవీ పెట్టకు. ఏం పెట్టావో నాకు పంపు, ఫ్రెండ్స్ లిస్ట్‌లో కలుపుకుంటాను.

పిన్ని