ఫారం నింపమని అడిగే ముందు

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

యూనివర్సిటీలో నాణ్యత సంగతి చూసుకునే ఐక్యూఏసీ విభాగానికి కోఆర్డినేటర్ పని నీకు అప్పజెప్పారని విని సంతోషించాను. అధ్యాపకుల సంతృప్తి సర్వే పెడితే 300 మందిలో 40 మందే నింపారని ఫోన్లో వాపోయావు. "మనవాళ్లకి బద్ధకం సార్" అన్నావు. బద్ధకం కాదమ్మా. ప్రమోషన్ ఫైలు కోసం పదేళ్ల నాటి సెమినార్ సర్టిఫికెట్లు వెతికి, జిరాక్సులు తీసి, పేజీ నంబర్లు వేసి ఇచ్చేది వీళ్లే కదా!

రాసింది ఎవరో తెలిసిపోతుందని వాళ్ల భయం. అది నాకు తెలుసు. ఒకప్పుడు అందులో నా చెయ్యి కూడా ఉంది.

అప్పట్లో సర్వే కాగితాల మీదే. "పేరు రాయనక్కర్లేదు" అని పైన పెద్దక్షరాల్లో వేయించాం. కిందేమో శాఖ, హోదా, స్త్రీయా పురుషుడా, ఎన్నేళ్ల సర్వీసు అని అడిగాం. ఒక శాఖలో అసోసియేట్ ప్రొఫెసర్‌గా ఉన్న మహిళ ఒక్కరే. క్లాసుల పంపకం ఎలా జరుగుతోందో ఆవిడ ఉన్నదున్నట్టు రాశారు. వారం తిరక్కుండా అది హెడ్ గారి చెవిన పడింది. తర్వాతి టైంటేబుల్లో ఆవిడకి రోజూ పొద్దున మొదటి పీరియడూ, సాయంత్రం చివరి పీరియడూ పడ్డాయి. ఇంకో పెద్దాయన అరసున్నలు పెట్టి మరీ రాశాడు. క్యాంపస్ మొత్తంలో అరసున్న వాడేది ఆయనొక్కడే! ఆయన సంగతి నవ్వుకుని వదిలేశారు. ఆవిడ మాత్రం రిటైరయ్యేదాకా ఏ ఫారం మీదా మళ్లీ పెన్ను పెట్టలేదు. ఆవిణ్ణి చూసి మిగతావాళ్లూ మానేశారు.

అందుకని ముందు నీ ఫారంలోంచి శాఖ, సర్వీసు తీసెయ్. ఆర్ట్సా, సైన్సా అన్నంతవరకు చాలు. ఐదుగురి కన్నా తక్కువ మంది ఉన్న గుంపు జవాబులు విడిగా చూపించబోమని ఫారం మీదే రాయి, రాశాక ఎవరడిగినా చూపించకు. గూగుల్ ఫారంలో ఈమెయిల్ సేకరించే సెట్టింగ్ ఆపెయ్. ఒక్కరికి ఒకే జవాబు అనే నిబంధన పెడితే లాగిన్ అడుగుతుంది. వాళ్ల మెయిల్ నీకు కనపడకపోయినా, ఆ లాగిన్ పేజీ చూడగానే సగం మంది వెనక్కి తిరుగుతారు. ఎవరో ఒకరు రెండుసార్లు నింపితే నింపనీ.

కాంట్రాక్టు, గెస్ట్ లెక్చరర్లను వదిలెయ్యకు. చాలా శాఖలు నడుస్తున్నదే వాళ్ల మీద. అయితే వాళ్ల రెన్యువల్ నెలలో మాత్రం సర్వే పెట్టకు. స్పాట్ వాల్యుయేషన్ రోజుల్లో అసలే వద్దు.

ఇంకో సంగతి. కాలేజీలకు, యూనివర్సిటీలకు గ్రేడ్లిచ్చే న్యాక్ 2017లో మార్చిన పద్ధతిలో విద్యార్థుల సంతృప్తి సర్వేను చేర్చింది. మన అధ్యాపకుల దగ్గర తీసుకునేది ఎక్కువగా సిలబస్ మీద ఫీడ్‌బ్యాక్. కాబట్టి "మీరు సంతోషంగా ఉన్నారా" అని ఎవరైనా అడిగితే, ఇదీ ఫైల్లో పెట్టుకోవడానికే అనుకుంటారు. వాళ్ల తప్పు లేదు. ప్రశ్నలు కూడా అలాగే ఉంటాయి మరి. "పనిభారం పట్ల సంతృప్తి: 1 నుంచి 5" అని అడిగితే వచ్చిన సగటును ఏం చేసుకుంటావు? "ఈ సెమిస్టర్లో వారానికి ఎన్ని గంటలు పాఠం చెబుతున్నారు?" అని అడుగు. యూజీసీ 2018 నిబంధనల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు 16 గంటలు, ఆపై వాళ్లకు 14 అని స్పష్టంగా ఉంది. వాళ్లు చెబుతున్న గంటలూ, నిబంధనలో ఉన్న గంటలూ పక్కపక్కన పెట్టి వీసీ గారి దగ్గరికి వెళ్లొచ్చు. ఇద్దరు వెళ్లి మొత్తుకుంటే గొడవ చేస్తున్నారంటారు, 200 మంది గంటలు లెక్కకొస్తే సమాధానం చెప్పాల్సి వస్తుంది. శాఖలకు వెళ్లినప్పుడు ఇదే చెప్పు.

అవును, నువ్వే వెళ్లు. హెడ్‌ల ద్వారా సర్క్యులర్ పంపకు. పదకొండు గంటల టీ వేళకి స్టాఫ్ రూంలో కూర్చో. మొదట నీ మీద జోకులేస్తారు, వెయ్యనీ.

వెళ్లేటప్పుడు చేతిలో పాత సర్వే ఫలితం ఒకటి ఉండాలి. స్టాఫ్ రూంలో ఫ్యాను బాగుచేయించడం లాంటి చిన్న పనైనా సరే, మీరు రాశారు కాబట్టే చేయించాం అని చూపించాలి.

ఇంతకీ ఆ 40 మంది ఏం రాశారో చదివావా? అరగంట మాట్లాడావు గానీ దాని గురించి ఒక్క ముక్క చెప్పలేదు. చదివాక ఫోన్ చెయ్. సాయంత్రం ఆరు తర్వాత ఖాళీయే, వాకింగ్ డాక్టరు మాన్పించాడు.

మీ పాత మాష్టారు