పాఠకుల ప్రశ్నలు: గేమింగ్ పీసీకి ఏ ప్రాసెసర్?

ఎప్‌సెట్ (పాత ఎంసెట్) ర్యాంకు వస్తే పీసీ కొనిస్తానని నాన్నలు ఇచ్చిన మాటలు తీర్చుకునే సీజన్ అనుకుంటా, ఈసారి వచ్చినవన్నీ ప్రాసెసర్ ప్రశ్నలే. కొన్నిటికి జవాబులు.

ప్ర: అన్నా, నాది గుంటూరు. నాన్న 60 వేలు ఇస్తానన్నారు. మావయ్య దగ్గర 1080పీ 144 హెర్ట్జ్ మానిటర్ ఉంది, పాత పీసీలోంచి 16 జీబీ డీడీఆర్4 ర్యామ్ కూడా తీసి ఇస్తానన్నాడు. ఎక్కువగా వాలొరాంట్, జీటీఏ 5 ఆడతా. షాపాయనేమో తక్కువలో ఐ7 ఉంది తీస్కో, ఐ5 కంటే ఐ7 ఎప్పుడైనా పైదే కదా అంటున్నాడు. ఫ్రెండ్సేమో రైజెన్ అంటున్నారు. ఏది తీసుకోమంటావ్?

జ: తమ్ముడూ, ముందు షాపాయన్ని ఒక్క మాట అడుగు, ఐ7 పక్కన గీత పెట్టి ఉన్న నంబరెంత అని. తక్కువలో వస్తోందంటే చాలావరకు 3770 అంటాడు లేదా 4770 అంటాడు. 3770 అంటే మూడో తరం, 2012లో వచ్చింది, 4770 దాని తర్వాతి ఏడాదిది. ఐ3, ఐ5, ఐ7 అనేవి ఇంటెల్ ప్రాసెసర్లకి ఆ తరంలో ఉండే హోదాలు మాత్రమే, అసలు వయసు చెప్పేది పక్కనున్న నంబరు. 2022లో వచ్చిన ఐ3-12100ఎఫ్‌కి కూడా నాలుగు కోర్లు (లోపల లెక్కలు చేసే భాగాలు), ఎనిమిది థ్రెడ్లే (ఒకేసారి నడిపే పనుల వరసలు), ఆ పాత ఐ7లకి ఎన్నో దీనికీ అన్నే, కానీ గేముల్లో ఈ బుడ్డ ఐ3 ఆ పెద్దాయన్ని ఈజీగా దాటేస్తుంది, ఎందుకంటే ఒక్కో కోరూ చేసే పని అంత పెరిగింది మధ్యలో. ఇంకో చిక్కు, విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది, విండోస్ 10కేమో మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, పైగా నువ్వాడే వాలొరాంట్ విండోస్ 11 మీద టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే రెండు భద్రతా ఏర్పాట్లూ ఉంటేనే తెరుచుకుంటుంది. కాబట్టి ఆ ఐ7ని అక్కడే వదిలేయ్.

ఇప్పుడు అసలు విషయం. గేమ్‌లో ప్రాసెసర్ పనేంటి, గ్రాఫిక్స్ కార్డ్ పనేంటి అంటే టిఫిన్ సెంటర్ అనుకో. పిండి రుబ్బేవాడు ప్రాసెసర్, పెనం దగ్గర దోసెలు పోసేవాడు కార్డ్. ఎవడు ఎక్కడున్నాడు, బుల్లెట్ ఎటుపోయింది, తలుపు తెరుచుకుందా ఇలాంటి లెక్కలన్నీ ప్రాసెసర్ కట్టి ఇస్తేనే కార్డ్ బొమ్మ గీస్తుంది. వాలొరాంట్, కౌంటర్-స్ట్రైక్ 2 లాంటివి ప్లెయిన్ దోసెలు, చకచకా పడిపోతాయి, అక్కడ పిండి రుబ్బేవాడే వెనకబడతాడు. అదే సైబర్‌పంక్ 2077 లాంటిది 4కేలో పెట్టావనుకో, నెయ్యి కారం మసాలా దోసెలన్నమాట, ఒక్కోటి పెనం మీద అంతసేపు ఉంటుంది, రుబ్బేవాడు చేతులు కట్టుకుని కూర్చుంటాడు. నీ మానిటర్ 1080పీ, 144 హెర్ట్జ్ (అంటే సెకనుకి 144 బొమ్మలు), ఆడేది వాలొరాంట్, కాబట్టి ప్రాసెసర్ నీకు ముఖ్యమే, కానీ మరీ కొండెక్కాల్సినంత అక్కర్లేదు.

నేనైతే ఏఎండీ వాళ్ల రైజెన్ 5 5600 తీసుకుంటా. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, 32 ఎంబీ ఎల్3 క్యాష్ (చిప్‌లోనే ఉండే చిన్న ఫాస్ట్ మెమరీ), 65 వాట్లు, బాక్సులోనే కూలర్ వస్తుంది. రైజెన్ 5 7600 దీనికంటే ఫాస్టే, కాదనను, కానీ అది ఏఎం5 (5600 కూర్చునే ఏఎం4 సాకెట్‌కి తర్వాతి సాకెట్), డీడీఆర్5 తప్ప వేరే ర్యామ్ పెట్టనివ్వదు, మీ మావయ్య ఇచ్చే ర్యామ్ అటక మీదకి పోతుంది, 2025 చివర్లో ర్యామ్ ధరలు ఎలా ఎగిరాయో చూశాంగా. ఆ డబ్బు కార్డ్‌లో పెట్టు. చేతిలో ర్యామ్ లేకుండా మొదట్నుంచీ కడుతుంటే మాత్రం 7600 వైపే మొగ్గేవాణ్ని, ఎందుకంటే ఏఎం4లో ఇక కొత్త చిప్‌లు పెద్దగా ఆశించలేం, ఏఎం5ని కనీసం 2027 దాకా సాగదీస్తామని ఏఎండీ వాళ్లే చెప్పారు. ఇంటెల్ 12400ఎఫ్ కూడా 5600కి సరిసాటే, డీడీఆర్4 బోర్డులూ ఉన్నాయి, మీ ఊళ్లో ఏది తక్కువకొస్తే అది తీసుకున్నా నేనేం అనను.

ఒక్కటి మాత్రం, బిల్లు మీద నంబరు కళ్లు పెట్టుకుని చదువు. 5600, 5500, 5600జీ, మూడూ చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. చివరి రెండిట్లో క్యాష్ 16 ఎంబీయే, పీసీఐఈ (ప్రాసెసర్‌కీ కార్డుకీ మధ్య దారి) కూడా 3.0 దగ్గరే ఆగిపోతుంది. ఆర్‌టీఎక్స్ 4060, ఆర్ఎక్స్ 7600 లాంటి కార్డులు ఎనిమిది లేన్ల మీదే నడుస్తాయి కాబట్టి వాటికి ఇది కాస్త ఇరుకు. బోర్డు బీ550 తీసుకో, పాత స్టాకు బీ450 అంటగడితే బయోస్ (బోర్డులో ఉండే స్టార్టప్ సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి ఇమ్మని అక్కడే అడుగు, లేకపోతే ఇంటికొచ్చాక ఫ్యాన్ తిరుగుద్ది, స్క్రీన్ రాదు.

ప్ర: నమస్తే అండీ, కరీంనగర్ నుంచి రాస్తున్నా. మా బాబు ఎక్స్3డీ ప్రాసెసరే కావాలని పట్టుబట్టాడు. మామూలు దానికీ దీనికీ రేటులో చాలా తేడా ఉంది. నిజంగా అంత ఉందా, లేక యూట్యూబ్ చూసి అడుగుతున్నాడా?

జ: రెండూనండీ. చిప్‌కి మీదో కిందో ఇంకో పొర క్యాష్ మెమరీ పేర్చడమే ఎక్స్3డీ అంటే, అందుకే 7800ఎక్స్3డీలో 96 ఎంబీ ఉంటుంది, మామూలు 7700లో 32. గేముకి మాటిమాటికీ కావాల్సిన డేటా చిప్ దగ్గరే దొరికితే ర్యామ్ దాకా పరిగెత్తే పని తప్పుతుంది, అందుకే గేముల్లో అంత స్పీడు. తేడా నిజమే, కాకపోతే ఖరీదైన కార్డు, ఫాస్ట్ మానిటర్ పక్కనుంటేనే అది కంటికి కనిపిస్తుంది. బాబు మానిటర్ ఎన్ని హెర్ట్జో అడగండి. 60 అంటే, మీరు నిశ్చింతగా కుదరదనేయొచ్చు, ఆ తేడా డబ్బుతో మంచి మానిటరే వస్తుంది. 240 అంటే... వాడు మీకంటే ముందే లెక్కలేసుకున్నాడు.

ప్ర: వరంగల్‌లో మా కాలేజీ సీనియర్ ఐ7-13700కే సెకండ్ హ్యాండ్‌లో సగం ధరకే ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?

జ: అంత చవగ్గా ఎందుకిస్తున్నాడో కాస్త ఆరా తియ్యి. 13, 14 తరాల్లో ఎక్కువ వాట్ల డెస్క్‌టాప్ చిప్‌లకి వోల్టేజీ మోతాదు మించి వెళ్లి లోపల మెల్లగా పాడయ్యే సమస్య ఉండేది. ఇంటెల్ 2024 ఆగస్టులో 0ఎక్స్129 మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) అని బయోస్ ద్వారా మందిచ్చింది, తర్వాత ఇంకోటీ వచ్చింది, కానీ అప్పటికే దెబ్బతిన్న చిప్‌ని ఏ మందూ బాగుచెయ్యదు. బాక్స్ చిప్‌లకి వారంటీ మాత్రం మూడేళ్ల నుంచి ఐదేళ్లు చేశారు. కాబట్టి బిల్లు, బాక్సు ఉన్నాయా, బయోస్ ఎప్పుడు అప్‌డేట్ చేశాడు, ఇవడుగు. వాళ్ల రూమ్‌లోనే ఏదైనా అన్‌రియల్ ఇంజిన్ గేమ్ పెట్టించు, షేడర్లు (బొమ్మ గీసే చిన్న ప్రోగ్రాములు) కంపైల్ అయ్యేటప్పుడు వీడియో మెమరీ చాలట్లేదని చెప్పి క్రాష్ అయితే నమస్కారం పెట్టి వచ్చెయ్. ఇంకోటి, ఇది గట్టిగా నడిస్తే 253 వాట్ల దాకా లాగుతుంది, నీ కూలర్ ఏంటో నువ్వు రాయలేదు. బిల్లు లేదంటే ఫ్రెండ్‌షిప్ వేరు, ప్రాసెసర్ వేరు.

ప్ర: సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్) ట్రే ప్రాసెసర్ అని తక్కువకి ఇస్తున్నారు సార్, డూప్లికేటా?

జ: డూప్లికేట్ కాదు, రంగు డబ్బా లేకుండా కంపెనీలకి టోకున వెళ్లే సరుకు. కూలర్ రాదు, వారంటీ చాలావరకు షాపాయన మాటే, అది నోటి మాటగా వదిలేయకుండా బిల్లు మీద రాయించుకోండి. కూలర్ కూడా కలుపుకుని చూస్తే చాలాసార్లు మిగిలేది అంతంతే.

ప్ర: కొత్తగా నేనే పీసీ బిగించా, 12400ఎఫ్, లైట్లన్నీ వెలుగుతున్నాయి, డిస్‌ప్లే రావట్లేదు. ప్రాసెసర్ పోయిందా బ్రో?

జ: హెచ్‌డీఎంఐ కేబుల్ మదర్‌బోర్డుకి పెట్టావా? ఎఫ్ అంటేనే లోపల గ్రాఫిక్స్ లేదని. తీసి కింద కార్డుకి పెట్టు.

ప్ర: నా రైజెన్ 3600 తీసి కొత్తది పెడదామనుకుంటున్నా, విజయవాడలో షాపుకెళ్లకుండా నేనే మార్చుకోవచ్చా?

జ: మార్చుకోవచ్చు. కానీ కూలర్‌ని ఒక్కసారిగా పైకి లాగకండి. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్ అడుగునే ఉంటాయి, థర్మల్ పేస్ట్ ఎండిపోయి అతుక్కుంటే సాకెట్ లాక్ వేసి ఉన్నా కూలర్‌తో పాటే ఊడొచ్చేస్తుంది. నాకు అదే జరిగింది, కూలర్ తిప్పి చూస్తే అడుగున ప్రాసెసర్, నాలుగు పిన్నులు పడుకుని ఉన్నాయి, అరచేతులు చెమటలు. లెడ్ పెన్సిల్‌లో లెడ్ తీసేసి ఆ గొట్టంలో ఒక్కో పిన్నూ దూర్చి గంటన్నర కూర్చుని లేపా. మీరు అంతదాకా తెచ్చుకోవద్దు, ముందు ఓ పావుగంట గేమ్ ఆడండి, పేస్ట్ వేడెక్కి మెత్తబడుతుంది, ఆపేసి ప్లగ్ పీకి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ తీయండి. నాది మాత్రం ఇప్పటికీ మా చెల్లి పీసీలో నడుస్తోంది, ఈ సంగతి దానికి తెలీదు.