ఇరానీ చాయ్‌కి అలవాటుపడిన నోటికి డార్జిలింగ్ టీ రుచి తెలియాలంటే ఏం చేయాలి?

మీరు అడిగినది రెండు ప్రశ్నలు. ఇరవై ఏళ్లుగా ఇరానీ చాయ్ తాగుతున్న మీకు, ఎవరో ప్రేమగా ఇచ్చిన డార్జిలింగ్ టీ ఒకసారి వేడినీళ్లలాగా, మరోసారి కషాయంలాగా ఎందుకు అనిపించిందన్నది మొదటిది. మంచి టీని గుర్తించడం నిజంగా నేర్చుకోదగిన విద్యేనా, లేక డబ్బున్నవాళ్లు గొప్పకు చెప్పుకునే మాటలేనా అన్నది రెండవది. నేను పుట్టి పెరిగింది రాజమండ్రిలో. ఉద్యోగరీత్యా నాలుగేళ్లు కలకత్తాలో ఉండి, ఇప్పుడు సికింద్రాబాద్‌లో స్థిరపడ్డాను. పాలు, పంచదార లేని టీ మొదటిసారి తాగినప్పుడు నాకూ మీకు కలిగిన అనుమానమే కలిగింది. అందువల్ల పుస్తకజ్ఞానం కంటే నా నాలుక నేర్చుకున్న క్రమాన్నే మీకు చెబుతాను.

ముందుగా ఒక మాట. టీ రుచి తెలుసుకోవడమంటే, నా దృష్టిలో, చేదును వగరు నుంచి వేరుచేయగలగడమే. ఈ విషయంలో తెలుగువాళ్లం అదృష్టవంతులం. ఉగాది పచ్చడి పుణ్యమా అని షడ్రుచులలో వగరు ఒకటని మనకు చిన్నప్పుడే తెలుసు. మామిడి పిందె కొరికినా, వక్క నమిలినా, నేరేడు పళ్లు గుప్పెడు తిన్నా నోరు ఎలా పట్టేస్తుందో ఎవరూ మనకు వివరించనక్కరలేదు. అయితే టీ దగ్గరికి వచ్చేసరికి ఈ తేడాను మరిచిపోయి, నచ్చని ప్రతి టీనీ ‘చేదుగా ఉంది’ అని కొట్టిపారేస్తాం. చేదు నాలుకకు తెలిసే రుచి. వగరు రుచి కంటే ఎక్కువగా స్పర్శ. టీ ఆకులోని పాలీఫినాల్స్ మన లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకోవడం వల్ల నోటిలోని నునుపు పోయి, చిగుళ్లూ బుగ్గల లోపలి భాగమూ బిగుసుకున్నట్లు, పిడచకట్టుకుపోయినట్లు అనిపిస్తుంది. చేదులో కొంత భాగం కెఫీన్ వల్ల వస్తుంది. ఒక గుటక మింగి, నాలుకను అంగిలికి ఆనించి మెల్లగా జరిపి చూడండి. గరుకుగా తగిలితే అది వగరు.

వగరు దోషం కాదు. అసలు వగరు లేని టీ చప్పగా, జీవం లేకుండా ఉంటుంది. దానిలో మంచీ చెడూ ఉన్నాయి. మంచి వగరు నోటిని ఒక్క క్షణం పట్టి వదిలేస్తుంది, వెంటనే నోరూరుతుంది, ఆ తరువాత ఒక సన్నని తీపి మిగులుతుంది. ఉసిరికాయ తిని మంచినీళ్లు తాగితే ఆ నీళ్లు తియ్యగా అనిపించడం మనందరికీ అనుభవమే కదా. టీలో ఇటువంటి అనుభవాన్నే చైనావాళ్లు ‘హుయ్ గాన్’ అంటారు, అంటే తిరిగి వచ్చే తీపి. చెడ్డ వగరు అలా వదలదు. పచ్చి అరటికాయ జిగురులాగా నాలుకకు అంటుకుని, మంచినీళ్లు తాగినా మందంగా మిగిలిపోతుంది.

ఇప్పుడు మీ ఇరానీ చాయ్ దగ్గరికి వద్దాం. దానిలో వాడేది సాధారణంగా సీటీసీ రకం టీ పొడి. ఆకును నలిపి, చీల్చి, ఉండలుగా చుట్టే ఈ యంత్ర పద్ధతి 1930లలో అస్సాంలో మొదలైంది. ఆకు చిన్న చిన్న గుళికలుగా మారడం వల్ల రంగూ వగరూ అతి త్వరగా నీటిలోకి దిగుతాయి. ఆ పొడిని మూత బిగించిన పాత్రలో చాలాసేపు సన్నని సెగమీద మగ్గనిస్తారు. అలా వచ్చిన డికాక్షన్‌ను విడిగా తాగితే నోరు తెరవలేం. దానికి మరో పొయ్యిమీద చిక్కగా కాగిన పాలు తోడవుతాయి. పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ మన లాలాజలం చేయవలసిన పనిని తానే ముందుగా చేసి, పాలీఫినాల్స్‌ను పట్టేసుకుంటుంది. వగరు మెత్తబడుతుంది, పంచదార చేదును కప్పేస్తుంది, మిగిలినది ఆ చిక్కదనమూ ఆ పరిమళమూ. పక్కన పెట్టే ఉస్మానియా బిస్కట్‌లోని కాస్త ఉప్పదనం కూడా ఊరికే లేదు. చేదును అణచడంలో ఉప్పుకు పేరుంది. అంటే ఇరానీ చాయ్ వగరును జయించే కళ. డార్జిలింగ్ టీ వగరును అదుపులో ఉంచి అనుభవించే కళ. ఒకదాని కొలబద్దతో మరొకదాన్ని కొలవడం వల్లనే మీకు నిరాశ కలిగింది. ఇరాన్‌లో మాత్రం టీలో పాలు పోయరు. చిన్న గాజు గ్లాసులో ఎర్రటి టీని, పళ్ల మధ్య చక్కెర ముక్క పెట్టుకుని తాగడమే అక్కడి అలవాటు. ఆ పేరు మాత్రం ఇక్కడ కేఫ్‌లు పెట్టిన ఇరానీయులతో వచ్చి మన చిక్కటి చాయ్‌కి స్థిరపడిపోయింది.

కలకత్తాలో 1861 నుంచి టీ వేలం జరుగుతోంది. వేలానికి ముందు నమూనాలను పరీక్షించే ఒక గదిని, ఆ రంగంలో పనిచేసే మిత్రుడి ద్వారా చూసే అవకాశం నాకు దొరికింది. బల్లమీద మూత గల తెల్ల పింగాణీ కప్పులు వరుసగా ఉన్నాయి. ఒక్కొక్కదాని ముందు ఒక గిన్నె, పక్కన ఎండు ఆకు, మూతమీద బోర్లించిన తడి ఆకు. పరీక్షించే పెద్దాయన చెంచాతో తీసుకుని చప్పుడయ్యేలా గట్టిగా జుర్రి, ఒక్క క్షణం నోట్లో తిప్పి, తమ్మపడిగలో ఉమ్మేసి, రెండు మాటలు చెప్పి ముందుకు కదిలిపోయేవారు. సీటీసీ రకాలకు పాలు కలిపి కూడా చూశారు. ఆ జుర్రడం మొరటుతనం కాదు. గాలితో కలిసి తుంపరగా మారిన టీ వాసన గొంతు వెనుక నుంచి ముక్కుకు చేరుతుంది, మనం రుచి అనుకునేదానిలో పెద్ద భాగం ఆ వాసనే. మా తాతయ్య సాసర్‌లో పోసుకుని జుర్రుతుంటే చిన్నప్పుడు సిగ్గుపడేవాడిని. ఆయన పద్ధతే సరైనదని ఆ గదిలో తెలిసింది.

పరీక్ష కోసం టీ కాచడానికి ఐఎస్‌ఓ 3103 అనే అంతర్జాతీయ ప్రమాణం కూడా ఉంది. 100 మిల్లీలీటర్ల మరిగిన నీటికి 2 గ్రాముల ఆకు వేసి, 6 నిమిషాలు ఉంచాలి. దీన్ని తాగడానికి చెప్పిన కొలతగా పొరబడి ఇంట్లో పాటించి చాలా రోజులు బాధపడ్డాను. అది దోషాలను బయటపెట్టడానికి పెట్టిన కొలత, ఇంటికి వచ్చిన అతిథికి ఇచ్చేందుకు కాదు.

డార్జిలింగ్‌లో టీ నాటడం 1841లో అక్కడి బ్రిటిష్ అధికారి డాక్టర్ క్యాంప్‌బెల్ తోటతో మొదలైంది. భారతదేశంలో భౌగోళిక గుర్తింపు పొందిన మొదటి ఉత్పత్తి కూడా, 2004లో, ఈ టీయే. అయితే ఆ పేరు కంటే మీరు ప్యాకెట్‌మీద చూడవలసింది కోత కాలం. చలికాలం ముగిశాక ఫిబ్రవరి చివర నుంచి ఏప్రిల్ వరకు వచ్చే తొలి చిగురు ఫస్ట్ ఫ్లష్. దీని ఆకును బాగా వాడబెట్టడం వల్ల పూర్తిగా నల్లబడదు. పేరుకు బ్లాక్ టీ అయినా కప్పులో లేత బంగారు రంగు, ఆకులో పచ్చదనం కనిపిస్తాయి. మీకు వేడినీళ్లలా అనిపించినది బహుశా ఇదే. మే, జూన్ నెలలలో వచ్చేది సెకండ్ ఫ్లష్. ఆకుల రసాన్ని పీల్చే చిన్న పచ్చదోమలకు ప్రతిగా మొక్క కొన్ని సువాసన పదార్థాలను తయారుచేసుకుంటుంది. పండిన ద్రాక్షను తలపించే ‘మస్కటెల్’ పరిమళానికి అవీ ఒక కారణం. పాల టీ నుంచి వచ్చేవారికి నేను ఎప్పుడూ సెకండ్ ఫ్లష్‌తోనే మొదలుపెట్టమంటాను. ఫస్ట్ ఫ్లష్‌ను నెత్తిన పెట్టుకోవడంలో కొంత ఆడంబరం ఉందని నా అభిప్రాయం, ఎవరేమనుకున్నా సరే. వానాకాలపు కోత గురించి చెప్పుకోవలసినది పెద్దగా లేదు. అక్టోబరు, నవంబరు నెలల ఆకు మాత్రం నెమ్మదైన తీపితో, తక్కువ వగరుతో ఉండి, అందవలసినంత గౌరవం అందుకోలేదనిపిస్తుంది.

ఇక నీటి సంగతి. డార్జిలింగ్‌లో ఒక చిన్న దుకాణంలో తాగిన టీ నాకెంతో నచ్చి, అదే ఆకును కొనుక్కుని ఇంటికి వచ్చి కాస్తే కషాయంలా తయారైంది. అమ్మినవాడు మోసం చేశాడనే కొన్నాళ్లు అనుకున్నాను. ఆ ఊరు సముద్రమట్టానికి 2,000 మీటర్లకు పైన ఉంది కాబట్టి అక్కడ నీరు సుమారు 93 డిగ్రీలకే మరుగుతుందని తరువాత తట్టింది. మరుగుతున్న నీళ్లు పోసినా అక్కడ ఆకు మన దగ్గర ఉడికినంతగా ఉడకదు. వేడి పెరిగేకొద్దీ, సమయం గడిచేకొద్దీ చేదూ వగరూ ఎక్కువగా దిగుతాయి. దీనికి తోడు మా బోరు నీళ్లు గట్టినీళ్లు. ఆ నీళ్లతో కాస్తే టీమీద తెట్టు కడుతుంది, రంగు మసకబారుతుంది, పరిమళం అణగిపోతుంది. అలాగని దాదాపు అన్ని లవణాలనూ తీసేసే ఆర్‌ఓ నీళ్లతోనూ టీ పేలవంగానే వస్తుంది. నేను ఆర్‌ఓ నీళ్లలో నాలుగో వంతు మున్సిపల్ కుళాయి నీళ్లు కలిపి కాస్తున్నాను. మా ఇంట్లో దీన్ని పిచ్చి అంటారు, కానీ తాగినప్పుడు తేడా ఉందని ఒప్పుకుంటారు.

గ్రీన్ టీ విషయంలో మన ఇళ్లలో జరిగే అన్యాయం కూడా ఇదే. బరువు తగ్గడం కోసమని మరిగే నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, ముక్కు మూసుకుని మందులా మింగుతారు. అదే ఆకును 75 డిగ్రీల ప్రాంతంలో, అంటే మరిగిన తరువాత గిన్నె మార్చి కొంతసేపు చల్లారనిచ్చిన నీళ్లలో, రెండు నిమిషాలు మాత్రమే ఉంచితే లేత బఠానీల తీపి తెలుస్తుంది.

నాలుకకు తర్ఫీదు ఇవ్వడానికి నాకు బాగా పనిచేసిన పద్ధతి ఇది. ఒకే ఆకును, ఒకే కొలతలో, మూడు కప్పులలో వేసి, ఒకదాన్ని 2 నిమిషాలకు, రెండవదాన్ని 4 నిమిషాలకు, మూడవదాన్ని 8 నిమిషాలకు వడగట్టండి. మూడింటినీ గోరువెచ్చగా అయ్యేవరకు ఆగనిచ్చి, పక్కపక్కనే పెట్టుకుని చూడండి, ఎందుకంటే పొగలు కక్కే టీలో నాలుకకు వేడి తప్ప మరేదీ తెలియదు. మొదటి కప్పులో వాసన ఉండి చిక్కదనం ఉండదు; మూడవదానిలో వగరు మిగిలినవాటినన్నిటినీ మింగేస్తుంది; ఆ రెండింటి మధ్య ఎక్కడ ఆపాలో మీ నోరే చెబుతుంది. ఇలా నాలుగైదు ఆదివారాలు చేశాక, కాచడంలో జరిగిన తప్పునూ ఆకులోని లోపాన్నీ విడదీయగలిగాను. అంతకుముందు ఇచ్చిన తీర్పులన్నీ నా గిన్నెమీద ఇచ్చినవే గాని టీమీద ఇచ్చినవి కావు.

తాగిన ప్రతి టీ గురించి నాలుగు మాటలు రాసుకోవడం కూడా అలవాటు చేసుకున్నాను. మొదట్లో ప్యాకెట్లమీది ఇంగ్లీషు మాటలనే ఎక్కించేవాడిని. నేనెన్నడూ చూడని పువ్వుల పేర్లూ తినని పళ్ల పేర్లూ రాసుకుని ఏం లాభం? ఆ తరువాత మన వాసనలతోనే రాయడం మొదలుపెట్టాను. ఒక ఫస్ట్ ఫ్లష్‌కు ‘మామిడి పూత, పచ్చి జామకాయ తోలు’ అనీ, ఒక సెకండ్ ఫ్లష్‌కు ‘నల్లద్రాక్ష తోలు, చివర కాస్త తేనె’ అనీ, ఒక అస్సాం ఆర్థడాక్స్ (గుళికలుగా చేయకుండా ఆకును చుట్టి తయారుచేసే) టీకి ‘మొలకెత్తించి వేయించిన రాగులు’ అనీ రాసుకున్నాను. ఆ చివరిది రాశాక నవ్వొచ్చింది. అస్సాం టీని మెచ్చుకోవడానికి నిపుణులు వాడే ‘మాల్ట్’ అన్న మాట మన రాగి మాల్ట్‌లో ఎప్పటినుంచో ఉన్నదే.

కొనేటప్పుడు తోట పేరు, కోత కాలం, ప్యాక్ చేసిన తేదీ ఉన్న చిన్న ప్యాకెట్‌నే తీసుకోండి. డార్జిలింగ్ అయితే, చిగురు పట్టుకున్న స్త్రీ ముఖం గల అధికారిక ముద్ర ఉందో లేదో చూడండి. కప్పుకు 2 గ్రాముల చొప్పున 100 గ్రాములకు 50 కప్పులు వస్తాయి కాబట్టి, ధర చూసి కలిగే భయం లెక్క వేస్తే చాలావరకు తగ్గుతుంది. విడిగా అమ్మే పొడిమీద అనుమానం ఉంటే, తడిపిన ఫిల్టర్ కాగితంమీద కొంచెం చల్లి, కాసేపయ్యాక కడిగి, వెలుతురులో చూడండి. కృత్రిమ రంగు కలిసి ఉంటే ముదురు మరకలు మిగులుతాయి. నిల్వ విషయంలో నా అనుభవం మీకు కలగకూడదని కోరుకుంటున్నాను. మంచి సెకండ్ ఫ్లష్ ప్యాకెట్‌ను సరిగా మూయకుండా, ఇంగువ డబ్బా ఉన్న అరలోనే నెలరోజులు ఉంచాను. టీ ఆకు పక్కనున్న వాసనను ఎంత శ్రద్ధగా పీల్చుకుంటుందో ఆ తరువాతి కప్పులో తెలిసింది. చారు తాగుతున్నట్లే ఉంది.

మీ దగ్గర మిగిలిన ప్యాకెట్‌ను పారేయకండి. ఆకు పచ్చగా, రంగు లేతగా ఉంటే అది ఫస్ట్ ఫ్లష్ అనుకుని, మరిగిన నీళ్లను రెండు నిమిషాలు ఆగనిచ్చి, 200 మిల్లీలీటర్లకు ఒక నిండు చెంచా ఆకు చొప్పున వేసి, మూత పెట్టి, మూడు నిమిషాలకే వడగట్టండి. పాలు వద్దు, పంచదార మానలేకపోతే మొదటి వారం సగం వేసుకోండి. సాయంత్రం ఇరానీ చాయ్ తాగిన వెంటనే కాకుండా, ఉదయం ఏమీ తినక ముందు కూడా కాకుండా, ఫలహారం అయిన గంటకు తాగి చూడండి. వడగట్టిన ఆకుమీద మళ్లీ నీళ్లు పోసి, ఈసారి నాలుగు నిమిషాలు ఉంచితే రెండో కప్పు కూడా వస్తుంది. కొన్ని ఆకులకు నాకు ఆ రెండోదే ఎక్కువ నచ్చింది.